లాటరీలో గుర్రం, 34 ఏళ్లకు స్వర్ణం

మిలిటరీ అకాడమీలో మాకు గుర్రపుస్వారీ నేర్పిన ఉస్తాద్ ఏ క్యాడెట్‌కూ వరసగా రెండు రోజులు ఒకే గుర్రం ఇచ్చేవారు కాదు. అలవాటైన గుర్రం మీద ఎవడైనా కూర్చుంటాడనేవారు. ఆ మాట నిజమేనని కిందపడ్డాక ఒప్పుకున్నాను. ఈ పాఠాన్నే పోటీగా మార్చిన ఆట మోడర్న్ పెంటథ్లాన్.

శత్రువుల మధ్య చిక్కుకున్న అశ్వికదళ అధికారిని ఊహించుకోండి. దొరికిన గుర్రమెక్కాలి, కత్తి తిప్పాలి, పిస్తోలు పేల్చాలి, నది ఈదాలి, చివరికి కాళ్లనే నమ్ముకుని పరుగెత్తాలి. 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో ఈ ఆట మొదలైంది. అప్పుడు ఐదో స్థానంలో నిలిచిన అమెరికన్ లెఫ్టినెంటు తర్వాతి కాలపు జనరల్ ప్యాటన్.

ఈ ఆటలో నాకు అందరికన్నా ఇష్టమైన పేరు హంగరీకి చెందిన ఆండ్రాష్ బల్ట్సో. 1938లో కొండొరొష్ అనే ఊళ్లో పుట్టారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో జట్టు స్వర్ణం దక్కింది, వ్యక్తిగతంగా మాత్రం నాలుగో స్థానం. 1963లో ప్రపంచ విజేత అయ్యారు. అయినా మరుసటి ఏడాది టోక్యో వెళ్లిన జట్టులో ఆయన లేరు. అక్కడ స్వర్ణం ఆయన దేశస్థుడు ఫెరెంత్స్ తొరొక్‌ది. సైన్యంలో పదోన్నతుల జాబితా చూసుకున్నవారికి ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు. బల్ట్సో జవాబు 1965, 66, 67లలో వరసగా మూడు ప్రపంచ టైటిళ్లు.

1968లో మెక్సికోలో జట్టు స్వర్ణం మళ్లీ వచ్చింది. వ్యక్తిగత పోటీలో స్వీడన్ ఆటగాడు బ్యోర్న్ ఫెర్మ్‌కు 4964 పాయింట్లు, బల్ట్సోకు 4953. ఐదు రోజుల పోటీలో తేడా పదకొండు పాయింట్లు! పరుగులో అది కొద్ది సెకన్ల మాట. అదే పోటీలో మరో స్వీడన్ ఆటగాడు లిల్యెన్‌వాల్ మద్యం సేవించినట్టు తేలి అనర్హుడయ్యాడు, జట్టు కాంస్యం పోయింది. చేయి వణకకుండా పిస్తోలు పట్టడానికి ఒకటి రెండు గుక్కలు వేసే అలవాటు ఈ ఆటలో అప్పటికే ఉండేది. మెస్‌లో ఈ కథ చెబితే నవ్వుతారు గానీ, ఒలింపిక్స్‌లో డోపింగ్ కింద పడిన మొదటి వేటు అదే.

1969లో బల్ట్సో ఐదో ప్రపంచ టైటిల్ గెలిచారు. మ్యూనిక్ వచ్చేసరికి వయసు 34. లాటరీలో ఏ గుర్రం వస్తుందో తెలియదు, మరో ఒలింపిక్స్ వరకు శరీరం ఆగదు. ఆ 1972లో 5412 పాయింట్లతో ఆయన స్వర్ణం అందుకున్నారు. సోవియట్ ఆటగాడు ఒనిష్చెంకో 77 పాయింట్లు వెనకబడి రజతంతో సరిపెట్టుకున్నాడు. నాలుగేళ్ల తర్వాత మాంట్రియల్‌లో ఇతనే కత్తి పిడిలో మీట అమర్చి, తగలకుండానే లైటు వెలిగించి దొరికిపోయాడు.

బల్ట్సో గెలిచిన కొద్ది రోజులకే, సెప్టెంబర్ 5న, సాయుధులు మ్యూనిక్ క్రీడాగ్రామంలోకి చొరబడి ఇజ్రాయెల్ జట్టుపై దాడి చేశారు. ఆ ఒలింపిక్స్ అనగానే లోకానికి గుర్తొచ్చేది అదే. మా తరం భద్రతాధికారులు ఆ దాడి గురించి చదువుకున్నారు. బల్ట్సో పేరు నాకు ఆ పుస్తకాల్లో కనిపించలేదు.

పారిస్ 2024 తర్వాత ఈ ఆటలోంచి గుర్రపుస్వారీ తీసేసి అడ్డంకుల పరుగు పెట్టారు. మా ఉస్తాద్ ఉంటే ఏమనేవారో!