ముఖంపై ముడతలు: వయసు చేసేదెంత, ఎండ చేసేదెంత?

ఇటీవల తగరపువలసలో ఒక విద్యార్థి తల్లి మా మదరసాకు వచ్చి, ఒక ట్యూబు చూపించారు. "హజ్రత్, ముడతలు తగ్గుతాయని మందుల దుకాణంలో ఇచ్చారు. వయసును దాచుకోవడం తప్పవుతుందా? నిఖా దగ్గరపడిందని మా అమ్మాయి కూడా ఇదే పూసుకుంటోంది" అన్నారు.

వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (సఅసం) బోధించారు. వార్ధక్యానికి మాత్రం మందు లేదని కూడా తెలియజేశారు. అయితే ముఖంపై కనిపించేదంతా వార్ధక్యం కాదు. మీ అరచేతి వెనుక చర్మాన్ని, ఎప్పుడూ వస్త్రం మాటున ఉండే భుజం లోపలి చర్మంతో పోల్చి చూడండి. రెండింటి వయసూ ఒక్కటే. తేడా ఎండది. చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్‌ను సూర్యకిరణాలు దెబ్బతీస్తాయి. భీమిలి తీరంలో వేట సాగించే మత్స్యకారుల ముఖాలే ఇందుకు నిదర్శనం.

ఈ నష్టాన్ని కొంత సరిచేసే మందులు రెటినాయిడ్లు. ఇవి విటమిన్-ఎ కుటుంబానికి చెందినవి. వీటిలో ట్రెటినాయిన్‌ను తొలుత మొటిమలకు వాడేవారు. ఎండకు దెబ్బతిన్న చర్మానికీ అది మేలు చేస్తుందని అమెరికా చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ బృందం 1986లో వెల్లడించింది. అది కొత్త కొలాజెన్ ఏర్పడటానికి తోడ్పడుతుంది. సన్నని గీతలు, మచ్చలు తగ్గుతాయి గాని లోతైన ముడతలు పోవు. ఫలితం కోసం 3 నుంచి 6 నెలలు ఓపిక పట్టాలి.

వైద్యుడు సూచిస్తే, ఇషా నమాజు తర్వాత ముఖం కడిగి, బాగా ఆరాక బఠానీ గింజంత మందును ముఖమంతటా పలుచగా పూయాలి. తొలి వారాల్లో ఎరుపు, పొట్టు రాలడం సహజం. పగలు సన్‌స్క్రీన్, గొడుగు తప్పనిసరి. వుజూకు ముందు సన్‌స్క్రీన్ పొరను కడిగివేసి, నమాజు తర్వాత మళ్లీ రాసుకోవచ్చు. గర్భిణులు, గర్భం కోరుకునేవారు రెటినాయిడ్లను వాడరాదు. పెళ్లికుమార్తె విషయంలో ఈ హెచ్చరిక మరీ ముఖ్యం.

ఇక ఆ ట్యూబుపై చదివితే, ట్రెటినాయిన్‌తో పాటు హైడ్రోక్వినోన్, మొమెటాసోన్ అనే స్టెరాయిడ్ కూడా ఉన్నాయి. తెల్లదనం కోసం ఇటువంటి మిశ్రమాన్ని నెలల తరబడి పూస్తే చర్మం పలుచబడుతుంది, మొటిమలు, ఎర్రని నరాలు, అవాంఛిత రోమాలు వస్తాయి. స్టెరాయిడ్ లేపనాలను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన కూడా విధించింది.

కనుక ఆ సోదరికి మేము ఇలా చెప్పాము: "చికిత్స తప్పు కాదమ్మా. వైద్యుణ్ణి అడగకుండా మందు పూయడమే తప్పు. అమ్మాయిని వెంటనే విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రిలోని చర్మవ్యాధుల విభాగానికి తీసుకువెళ్లండి." అల్లాహ్ ప్రసాదించిన రంగు లోపం కాదు. దానిని మార్చబోయి ఆరోగ్యాన్ని పోగొట్టుకోవడమే నష్టం.