‘తమస్’: స్నేహితుడి నగలు కాపాడిన మనిషే అతని నౌకరును ఎందుకు తన్నాడు?

తమస్సు అంటే చీకటి. భీష్మ్ సాహ్ని హిందీ నవల ‘తమస్’ పేరు తెలుగు పాఠకులకు అనువాదం లేకుండానే అర్థమవుతుంది. 1947 మార్చిలో రావల్పిండి ప్రాంతంలో జరిగిన మతకల్లోలాలు దీనికి నేపథ్యం. 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు పొందింది.

సాహ్ని 1915లో రావల్పిండిలో పుట్టారు. విభజన తర్వాత ఢిల్లీలో స్థిరపడి, ఇప్పటి జాకిర్ హుస్సేన్ ఢిల్లీ కాలేజీలో ఇంగ్లిష్ బోధించారు. 1970లో మహారాష్ట్రలోని భివండీలో అల్లర్లు జరిగాక ఆ పట్టణానికి వెళ్లారు. అక్కడి దృశ్యాలు రావల్పిండిని గుర్తుచేయడంతో ఈ నవల మొదలైందని తర్వాత చెప్పుకున్నారు.

అయిదు రూపాయలతో మొదలైన మంట

నత్థూ తోళ్ల పని చేసుకునే పేదవాడు. పశువుల డాక్టరుకు కావాలని చెప్పి మురాద్ అలీ అతని చేతిలో అయిదు రూపాయలు పెట్టి ఒక పందిని చంపిస్తాడు. తెల్లవారేసరికి దాని కళేబరం మసీదు మెట్ల మీద ఉంటుంది. ఊరు భగ్గుమంటుంది. ఎవరు పెట్టారని ఆరా తీసేవారు లేరు. అవతలి మతంవారే అయి ఉంటారన్న నమ్మకం అప్పటికే అందరిలో సిద్ధంగా ఉంది. అలాంటి నమ్మకానికి సాక్ష్యం అక్కర్లేదు, సాకు చాలు.

చదువు ఉంటే ఇలా జరగదనుకునేవారికి డిప్యూటీ కమిషనర్ రిచర్డ్ పాత్ర సమాధానం. తక్షశిల చరిత్ర, బుద్ధ విగ్రహాలు అతనికి ప్రాణం. ఈ నేల గురించి ఇక్కడివారికంటే ఎక్కువే తెలుసు. కానీ అల్లర్లు ఆపమని పెద్దలు వచ్చి బతిమాలితే, మీ నాయకులను అడగండని తప్పించుకుంటాడు. అంతా తగలబడ్డాక ఒక విమానం ఊళ్ల మీద చక్కర్లు కొట్టగానే హింస ఆగిపోతుంది. ఆ పని ముందే చేయవచ్చు కదా అన్న ప్రశ్న పాఠకుడికి మిగిలిపోతుంది.

దయకు గీసుకున్న హద్దు

షానవాజ్ తన హిందూ స్నేహితుడు రఘునాథ్ కుటుంబాన్ని సురక్షితమైన చోటికి చేరుస్తాడు. స్నేహితుడి భార్య నగల కోసం ప్రాణాలకు తెగించి వాళ్ల ఇంటికీ వెళతాడు. అక్కడ కాపలాగా ఉన్నది నౌకరు మిల్ఖీ. తిరిగి మెట్లు దిగుతుండగా ముందు నడుస్తున్న మిల్ఖీ పిలక అతని కంటపడుతుంది. అంతే, కాలితో ఒక్క తన్ను తంతాడు. మిల్ఖీ నడుము విరిగిపోతుంది. నగలు మాత్రం భద్రంగా స్నేహితుడి ఇల్లాలికి అందుతాయి.

షానవాజ్ మంచితనం నటన కాదు. అయితే అది తన స్థాయివాళ్ల దగ్గరే ఆగిపోయింది. స్నేహితుడు అతనికి మనిషిగా కనిపించాడు. పేద నౌకరు మాత్రం మతానికి గుర్తుగా మిగిలాడు. ‘నాకూ ఆ మతంలో స్నేహితులున్నారు’ అనే మాట ఎందుకు సరిపోదో ఈ ఘట్టం చూపిస్తుంది.

దీనికి ఎదురుగా రాజో అనే పల్లెటూరి ముస్లిం ఇల్లాలు ఉంది. ప్రాణభయంతో తలుపు తట్టిన వృద్ధ సిక్కు దంపతులు హర్నామ్ సింగ్, బంతోలకు ఆమె చోటిస్తుంది. కోడలు వద్దంటుంది. ఇంటి మగవాళ్లు లూటీ చేసి తెచ్చిన పెట్టె ఆ దంపతులదేనని బయటపడుతుంది. అయినా రాజో రాత్రివేళ వారిని ఊరు దాటించి, పెట్టెలో దొరికిన నగలు తిరిగి ఇచ్చేస్తుంది. ఆమెకు భయం లేక కాదు. ఆ భయం కంటే ఎదుట నిలబడ్డ మనుషుల అవస్థే ఆమెకు పెద్దదిగా తోచింది.

కోర్టు దాకా వెళ్లిన కథ

గోవింద్ నిహలానీ దర్శకత్వంలో 1988లో దూరదర్శన్ ‘తమస్’ను ప్రసారం చేసింది. హర్నామ్ సింగ్‌గా సాహ్నియే నటించారు. మత విద్వేషం రేగుతుందంటూ కొందరు కోర్టుకెక్కారు. బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులు స్వయంగా ధారావాహికను చూసి ప్రసారానికి అనుమతించారు. అదే ఏడాది ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా అభ్యంతరాలను తోసిపుచ్చింది. ఇది ద్వేషాన్ని రెచ్చగొట్టడం లేదని, రెచ్చగొట్టేవారిని బయటపెడుతోందని భావించింది.

విభజన శరణార్థులకు ఆశ్రయమిచ్చిన ఢిల్లీ 1984లో సిక్కుల ఊచకోతను చూసింది. 2020లో ఈశాన్య ఢిల్లీ అల్లర్లలో 53 మంది చనిపోయారు. నవల చివర శాంతి ప్రచార బస్సు బయల్దేరుతుంది. అందులో ఎక్కి నినాదాలిస్తున్నది మురాద్ అలీయే. నత్థూ అప్పటికే బతికి లేడు. అతని గురించి ఆ బస్సులో ఎవరూ అడగరు.