పన్ను ఊడిన గేరు: అపోహలు, వాస్తవాలు

పాత లేత్ కొనేటప్పుడు బెడ్ మీద వేలు రాసి అరుగుదల చూస్తాం. చక్ పట్టుకుని ఊపుతాం. మోటారు వేసి చెవి ఒగ్గుతాం. బ్యాక్ గేరు మూత తీసి చూసేది మాత్రం ఏదో ఒకటి విరిగాకే. గుడివాడ నుంచి ఒక కుర్రాడు బెజవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డుకి గోనెసంచిలో బుల్ గేరు, అంటే స్పిండిల్ మీది పెద్ద గేరు, పెట్టుకుని వచ్చాడు. పక్కపక్కన మూడు పళ్లు లేవు.

"పాతది కదా బాబాయ్, అరిగి విరిగిపోయాయి" అన్నాడు.

అపోహ: "పాత గేరు పళ్లు అరిగే విరుగుతాయి"

మిగిలిన పళ్లు చూశాను. ఒక్కదాని కొసా సన్నబడలేదు. అరుగుదల అయితే అన్ని పళ్లనూ తింటుంది గానీ మూడింటిని ఏరుకోదు. విరిగిన చోట బీడు బూడిదరంగులో, గరుకుగా, కొత్తగా ఉంది. నూనె మరక కూడా పట్టలేదు.

"చక్ ఎట్లా విప్పారు?" అన్నాను. అప్పుడు బయటపడింది. చక్ బిగుసుకుపోయి ఉంటే, స్పిండిల్ కదలకుండా బ్యాక్ గేరు వేశారు. బుల్ గేరు పిన్ను కూడా లోపలే ఉంచారు. ఆపైన చక్ దవడల మధ్య కమ్మీ పెట్టి సుత్తితో కొట్టారు.

కోన్ పుల్లీ లేత్‌లో పిన్ను లోపల ఉంటే స్పిండిల్ నేరుగా తిరుగుతుంది. పిన్ను లాగేసి బ్యాక్ గేరు వేస్తే నెమ్మదిగా తిరుగుతుంది. రెండూ ఒకేసారి ఉంటే ఎటూ తిరగలేక బిగుసుకుంటుంది. అది నిజమే, అందుకే ఈ చిట్కా అంతగా పాకింది. కానీ సుత్తి దెబ్బ మొత్తం ఒకటి రెండు పళ్ల మీదే పడుతుంది. బీడు నొక్కుడుకు ఓర్చుకుంటుంది, దెబ్బకు ఓర్చుకోదు. మరచుట్టు ఉన్న చక్ విప్పాలంటే మోటారు ఆపేసి, దవడ కింద గట్టి చెక్కముక్క బెడ్‌కి ఆనించి, పుల్లీని చేత్తో వెనక్కి తిప్పితే చాలు.

అపోహ: "వెల్డింగ్ కొట్టిస్తే సరి"

ఆ కుర్రాడు మా దగ్గరికి రాకముందే ఒక పన్ను మీద వెల్డింగ్ చేయించి చూశాడు. మామూలు మైల్డ్ స్టీలు రాడ్డుతో చేయించాడు. బీడులో రెండున్నర నుంచి నాలుగు శాతం దాకా కార్బన్ ఉంటుంది. అది కరిగి వెల్డింగ్‌లో కలిసి గబుక్కున చల్లారితే గాజులా గట్టిపడుతుంది. ఆకురాయి పెడితే జారిపోతుంది, కోయదు. ఇక పగులు వెల్డింగ్‌లో కాదు, దాని పక్కన వస్తుంది. ఇతనిదీ అలాగే పక్కనుంచి చిటికెన వేలంత ముక్క ఊడింది.

"అయితే బీడు అతకదన్నమాట" అన్నాడు. అదీ తప్పే. ఇత్తడి రాడ్డుతో బ్రేజింగ్ చేస్తే అతుకుతుంది, ఎందుకంటే అక్కడ బీడు కరగదు. రాడ్డు దాదాపు 900 డిగ్రీల దగ్గర కరిగి బీడును పట్టుకుంటుంది. బీడు కరగాలంటే 1150 దాటాలి. అసలు పని మంట పెట్టకముందే ఉంది. విరిగిన చోటును మెరిసేదాకా చెక్కాలి. ఏళ్ల తరబడి పీల్చుకున్న నూనెను వేడిచేసి కాల్చెయ్యాలి. మేం పన్ను పొడవునా మూడేసి రంధ్రాలు వేసి, ట్యాప్ కొట్టి, చిన్న స్టడ్లు బిగించాం. తర్వాత గేరు మొత్తాన్ని వేడెక్కించి ఇత్తడి పోసి, పొడి సున్నంలో కప్పి రాత్రంతా వదిలేశాం. తెల్లారి తీసేసరికి ఇంకా గోరువెచ్చగానే ఉంది. ముందు బోరు కొలిచాం, వేడికి వంకరపోలేదు కదా అని. పళ్ల రూపం కోసింది ఆ తర్వాతే.

వేడి ఇష్టం లేనివాళ్లు కట్టుడు పన్ను పెడతారు. షేపర్ మీద డవ్‌టెయిల్ గాడి తీసి, ముక్కను తట్టి దించి, అతుకు మీద సగం ఇటూ సగం అటూ పడేలా స్క్రూ బిగిస్తారు. మంచి పనే, ఓపిక కావాలి.

ఇదంతా నెమ్మదిగా తిరిగే బీడు గేర్ల సంగతి. ఆల్ గేర్డ్ హెడ్‌స్టాక్‌లోని గట్టిపరిచిన స్టీలు గేరుకు ఇత్తడి పన్ను పెట్టమని ఎవరొచ్చినా నేను పెట్టను. మంటకు దాని గట్టిదనం పోతుంది. కొత్తది కోయించుకోవాల్సిందే. ఈలోగా అడుగున నూనె మొత్తం వంపి, అయస్కాంతంతో విరిగిన ముక్కలు ఏరాలి.

అపోహ: "పళ్లు లెక్కపెట్టి సైజు చెబితే గేరు వచ్చేస్తుంది"

డబ్బులు ఎక్కువ పోయేది ఇక్కడే. 40 పళ్ల గేరు తీసుకోండి. రెండున్నర మాడ్యూల్ అయితే బయటి వ్యాసం 105 మి.మీ. అదే 10 డీపీ (డయామెట్రల్ పిచ్) అయితే 106.68. తేడా రెండు మి.మీ. కూడా లేదు. వెర్నియర్‌లో 106 చిల్లర కనిపిస్తే "కొలత తప్పుంటుందిలే" అని మాడ్యూల్ గేరు కొనేసి, బిగించాక ఏడ్చినవాళ్లను చూశాను. పళ్లకు 2 కలిపి మాడ్యూల్‌తో గుణిస్తే మిల్లీమీటర్లలో, డీపీతో భాగిస్తే అంగుళాల్లో బయటి వ్యాసం వస్తుంది. రెండు లెక్కలూ వేసి చూడాలి. పాత ఇంగ్లీషు మోడల్ లేత్‌లలో పన్ను కోణం పద్నాలుగున్నర డిగ్రీలు కూడా ఉంటుంది, ఇప్పటివి 20. పక్కన పెట్టి చూస్తే పాతదాని పన్ను మొదలు సన్నగా కనిపిస్తుంది.

కట్టర్ దగ్గర ఇంకో తిరకాసు. డీపీ సెట్లో 40 పళ్లకు 3వ నంబరు కట్టర్. మాడ్యూల్ సెట్లలో చాలావాటికి అంకెలు తలకిందులు, అదే 40 పళ్లకు 6వ నంబరు. కట్టర్ మీద చెక్కిన పళ్ల లెక్క చదవకుండా నంబరు మాత్రమే చూస్తే కొత్త గేరు పాడైనట్టే.

127 పళ్ల గేరు గురించి "ఒక్క పన్ను తేడాకి ఏమవుతుంది, 126 వేసెయ్" అనే మాట వింటుంటాను. అంగుళం లీడ్ స్క్రూ మీద మెట్రిక్ మర కోయడానికే ఆ గేరు. 25.4ని 5తో గుణిస్తే 127. ఒక పన్ను తగ్గితే 100 మి.మీ. మరలో దాదాపు 0.8 మి.మీ. తప్పు. నట్టు కొంతదూరం వెళ్లి బిగుసుకుంటుంది. 127 ప్రధాన సంఖ్య కాబట్టి మామూలు డివైడింగ్ హెడ్‌లో నేరుగా కుదరదు కూడా. దొరక్కపోతే 127-100 జోడీకి బదులు 80-63 జోడీ వాడుకోండి. మీటరు పొడవుకి తప్పు 0.13 మి.మీ. లోపే.

అపోహ: "ఎంత గట్టి స్టీలైతే అంత మంచిది"

ఫ్యూజు పోయిందని మందపాటి తీగ చుట్టడం లాంటిదిది. లీడ్ స్క్రూ షియర్ పిన్ను తెగడానికే ఉంది. దాని స్థానంలో హైటెన్సిల్ బోల్టు వేస్తే, తెగేది ఏప్రాన్ లోపలి గేరు.

అపోహ: "చప్పుడొస్తే గేరు పోయినట్టే"

గేరు తీసుకెళ్లి బిగించుకున్న గుడివాడ కుర్రాడు మూడోరోజు ఫోన్ చేశాడు. "గరగరమంటోంది బాబాయ్, మీ పళ్లే తేడా కొడుతున్నాయి." చప్పుడు ఎక్కువగా వచ్చేది రెండు గేర్లను మరీ దగ్గరగా తోయడం వల్ల. నోట్‌బుక్ కాగితం పట్టీ ఒకటి పళ్ల మధ్య పెట్టి, గేర్లు దగ్గరికి జరిపి, చేత్తో తిప్పి బయటికి తియ్యమన్నాను. కాగితం చిరగకూడదు, మడతలు సమానంగా పడాలి.

ఆ పట్టీని ఫొటో తీసి పంపాడు. ప్రతి మడతా ఎడమవైపు లోతుగా ఉంది, కుడివైపు గీత కూడా లేదు. కొత్త ఇత్తడి పళ్ల దగ్గరా అంతే, పాత బీడు పళ్ల దగ్గరా అంతే. సుత్తితో కొట్టిన రోజు మూడు పళ్లతో పాటు బ్యాక్ గేరు షాఫ్ట్ కూడా వంగింది. అది విప్పి తెమ్మన్నాను.