హార్డ్ వేరు... హార్డ్లీ వేరు!

ఈ హాస్టల్లోనే ఉండి, తెలుగు మీడియంలో చదువుకుని బయటికి వెళ్లినవాళ్లం మేము. డిగ్రీ పూర్తయ్యాక మాలో ఇద్దరం ఒకే రోజున ఒక ఇంటర్వ్యూకి వెళ్లాం. "మీ గురించి చెప్పండి" అని అడిగారు. రాత్రంతా బట్టీ పట్టిన వాక్యాన్ని ఒకరి తర్వాత ఒకరం వెళ్లి అప్పజెప్పాం: "సర్, ఐ వర్క్ హార్డ్లీ." బల్లకు అవతల కూర్చున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. మెచ్చుకుంటున్నారనుకున్నాం! ఉద్యోగం రాలేదు. తప్పంతా ఆ ఒక్క మాట మీదకే నెట్టలేం గానీ, వారం తర్వాత గ్రంథాలయంలో నిఘంటువు తిరగేస్తే సిగ్గుతో తల వంగిపోయింది. "కష్టపడి పనిచేస్తాను" అనబోయి "పనిచేయడం అంతంతమాత్రమే" అని చెప్పి వచ్చాం.

పొరపాటు ఎక్కడ జరిగింది? తెలుగులో "నెమ్మది"కి "గా" చేరిస్తే "నెమ్మదిగా" అవుతుంది. అలాగే ఇంగ్లీషులో స్లోకి "లీ" చేరిస్తే స్లోలీ. ఈ సూత్రం చాలా మాటలకు పనికొస్తుంది. హార్డ్‌కి మాత్రం పనికిరాదు. "కష్టపడి" అనాలన్నా హార్డే: "హీ వర్క్స్ హార్డ్." ఫాస్ట్ కూడా అంతే, ఫాస్ట్లీ అనకూడదు.

మరి హార్డ్లీకి ఈ అర్థం ఎలా వచ్చింది? "లీ" అనే ఆ తోక పాత ఇంగ్లీషులో "శరీరం, రూపం" అనే అర్థమున్న మాట నుంచి పుట్టింది. "లాంటి" అని చెప్పే లైక్ కూడా దానికి చుట్టమే. మొదట్లో హార్డ్లీ అంటే "గట్టిగా, కఠినంగా" అనే అర్థం. పోనుపోను "అతికష్టం మీద" అయింది. 16వ శతాబ్దంలో "దాదాపు లేదు" అనేదాకా జారింది. ఇందులో వింతేమీ లేదు. "ఈ వానలో బస్సు రావడం కష్టమే" అని మనమూ అంటాం కదా! బస్సు కష్టపడి వస్తుందని దాని అర్థమా? రాదనే!

ఇక వాడుక. హార్డ్ క్రియ తర్వాత వస్తుంది, హార్డ్లీ ప్రధాన క్రియకు ముందు వస్తుంది. "హీ హార్డ్లీ వర్క్స్" అంటే పెద్దగా పనిచేయడు. "ఐ కెన్ హార్డ్లీ హియర్ యూ" అంటే నీ మాట సరిగా వినపడటం లేదు. మనం బోల్తా పడేది ఇక్కడే. తెలుగులో "పెద్దగా లేదు" అంటాం కాబట్టి, ఇంగ్లీషులోనూ ఒక "నాట్" తగిలిస్తాం. అవసరం లేదు. ఆ "లేదు" హార్డ్లీ కడుపులోనే ఉంది. కాబట్టి "కాంట్ హార్డ్లీ" అని రాయకండి.

హార్డ్లీ ఎవర్ అంటే చాలా అరుదుగా. హార్డ్లీ ఎనీ అంటే ఉన్నా లేనట్టే. "దేర్ ఈజ్ హార్డ్లీ ఎనీ దాల్ ఇన్ ద సాంబార్" అన్న ఉదాహరణ మన మెస్‌లో ఒక్కసారి కూర్చున్నవాళ్లెవరూ మరిచిపోరు. (వంటమనిషి అన్నా, కోప్పడకు!)

లేట్, లేట్లీ కూడా ఇలాంటి జంటే: ఆలస్యంగా వస్తే లేట్, ఈమధ్య వచ్చి ఉంటే లేట్లీ.

పోటీ పరీక్షలు రాసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. హార్డ్లీతో వాక్యం మొదలైతే సహాయక క్రియ కర్తకు ముందుకొస్తుంది, జతగా "వెన్" వస్తుంది: "హార్డ్లీ హ్యాడ్ వీ రీచ్డ్ ద స్టేషన్ వెన్ ద ట్రైన్ లెఫ్ట్." మేం స్టేషన్ చేరామో లేదో రైలు వెళ్లిపోయింది. అక్కడ "దెన్" పెట్టకండి.