మీకు తెలుసా? అక్వేరియంలో ఒక పెంపుడు తల్లి

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఉన్న మాంటెరే బే అక్వేరియం ఒకప్పటి సార్డీన్ చేపల డబ్బాల ఫ్యాక్టరీ స్థలంలో 1984లో మొదలైంది. తల్లికి దూరమై ఒడ్డుకు కొట్టుకొచ్చిన సముద్రపు నీటికుక్క కూనలను ఇక్కడ చేరదీస్తారు. పాలు పట్టే సిబ్బంది ఒంటినిండా నల్లటి ముసుగు, ముఖం కనపడని కవచం వేసుకుంటారు. కూన మనిషికి మాలిమి అయితే రేపు సముద్రంలో బతకలేదు మరి! ఆ తర్వాత, సముద్రంలోకి తిరిగి వెళ్లలేని ఓ ఆడ నీటికుక్కకు దాన్ని అప్పగిస్తారు. మునగడం, పొట్ట మీద రాయి పెట్టుకుని గుల్లను దానికేసి కొట్టి పగలగొట్టడం ఆ పెంపుడు తల్లి దగ్గరే నేర్చుకుంటుంది. ఎంత ఓపికైన పని!

ఈ జీవికి చలిని ఆపే కొవ్వు పొర ఉండదు, ఒత్తయిన బొచ్చే రక్ష. చదరపు అంగుళంలో పది లక్షల దాకా వెంట్రుకలుంటాయి. ఆ బొచ్చు కోసమే వేటాడి కాలిఫోర్నియాలో వీటిని దాదాపు తుడిచిపెట్టేశారు. ఇప్పుడక్కడ సుమారు 3,000 ఉన్నాయి. సముద్రపు నాచు అడవులను మేసేసే ముళ్ల అర్చిన్లనే జీవులను ఇవి తింటాయి కాబట్టి, ఇవి ఉన్నచోట ఆ అడవులూ నిలుస్తాయి.

అక్వేరియానికి దగ్గర్లోని ఎల్క్‌హార్న్ స్లూ అనే ఉప్పుకయ్యలో 2002-2016 మధ్య పెరిగిన నీటికుక్కల సంఖ్యలో సగానికి పైగా ఈ పెంపుడు పిల్లలు, వాటి సంతానమేనని 2019లో పరిశోధకులు తేల్చారు.