మూడుసార్లూ బడులు ఖాళీగా ఉన్నాయి

విశాఖపట్నం చూసిన మూడు పెద్ద ఆపదల తేదీలను ఒకసారి పక్కపక్కన పెట్టి చూద్దాం. 1997 సెప్టెంబరు 14న హిందుస్థాన్ పెట్రోలియం రిఫైనరీలో వంటగ్యాసు నిల్వల దగ్గర మంటలు లేచి సుమారు 60 మంది చనిపోయారు. అది ఆదివారం ఉదయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నగరం మీదుగానే తీరం దాటింది. అదీ ఆదివారమే. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఇళ్ల మీదికి పాకి 12 మందిని బలి తీసుకుంది. వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. అప్పుడు వేళ తెల్లవారుజామున మూడు గంటలు. పైగా లాక్‌డౌన్ రోజులు.

మూడుసార్లూ బడులు ఖాళీగా ఉన్నాయి. అది మన సిద్ధపాటు వల్ల కాదు. నాలుగోసారి సోమవారం పదకొండు గంటలకు, పిల్లలంతా తరగతుల్లో ఉన్నప్పుడు రావచ్చు. ఇక ఆస్పత్రికైతే సెలవు రోజంటూ లేదు. లేవలేని రోగులు అక్కడ ఏ వేళనైనా ఉంటారు. కాబట్టి భద్రత అనగానే గేటు దగ్గర కాపలా, గోడకు కెమెరా మాత్రమే గుర్తుకు వస్తే సరిపోదని మేము అనుకుంటున్నాము. కెమెరా జరిగినదాన్ని చూపిస్తుంది. జరగకుండా ఆపేది అలవాటు.

కర్మాగారం నేర్పిన పాఠం

ఆ అలవాటు ఎలా ఉంటుందో ఉక్కునగరం వారికి వేరే చెప్పనక్కరలేదు. ఉక్కు కర్మాగారంలో ప్రమాదకరమైన పని మొదలుపెట్టే ముందు రాతపూర్వక అనుమతి ఉండాలి. వాయువు ఉండే చోటికి కొలిచే పరికరం లేకుండా వెళ్లకూడదు. గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి. ప్రమాదం జరగబోయి తప్పిపోయినా దాన్ని రాసి పైవారికి చెప్పాలి. మాక్ డ్రిల్ జరిపి, అందరూ చేరవలసిన చోటికి చేరారో లేదో లెక్క చూడాలి. ఈ నియమాలు ఊరికే పుట్టలేదు. 2012 జూన్ 13 రాత్రి ఇదే కర్మాగారంలో జరిగిన పేలుడులో పలువురు ఉద్యోగులు ప్రాణాలు కోల్పోయారు. ఉక్కు పరిశ్రమలో ఒక్కొక్క నియమం వెనుక ఒక్కొక్క కుటుంబం కన్నీరు ఉంది.

షిఫ్టుకు వెళ్లే తండ్రి ఇవన్నీ పాటిస్తాడు. అతని బిడ్డ చదివే బడిలో, అతని తల్లి చేరిన ఆస్పత్రిలో వీటిలో ఎన్ని ఉన్నాయి? గాజువాకలోనైనా, కూర్మన్నపాలెంలోనైనా మనం అడగవలసిన ప్రశ్న ఇదే.

మంట వేరు, వాయువు వేరు

2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణం బడిలో వంటగది నిప్పు తాటాకు కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ తరువాత 2009లో సుప్రీంకోర్టు, ప్రతి బడిలో అగ్నిమాపక ఏర్పాట్లు ఉండాలని, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని ఆదేశించింది. గోడకు ఎర్రటి సిలిండర్లు అప్పటినుంచి చాలా బడుల్లో కనబడుతున్నాయి. వాటిని వాడటం తెలిసిన ఉపాధ్యాయులు ఎందరు, చివరిసారి నింపించిన తేదీ ఏమిటి అన్నదే అసలు సంగతి.

విశాఖకు మరో చిక్కు ఉంది. మంట లేస్తే పిల్లలను వెంటనే బయటికి తేవాలి. విషవాయువు వస్తే, తొందరపడి మైదానంలోకి తేవడమే ప్రమాదం కావచ్చు. కొన్నిసార్లు తలుపులు, కిటికీలు మూసి లోపలే ఉంచి అధికారుల మాట కోసం ఆగాలి. కదలవలసి వస్తే గాలి వాలున పరుగెత్తకూడదు, గాలికి అడ్డంగా పక్కకు తప్పుకోవాలి. స్టైరీన్ ఆవిరి గాలికంటే బరువు. అది నేలను పట్టుకుని పాకుతుంది కనుక పల్లంలోకి దిగకూడదు. గాలి ఎటో తెలియాలంటే బడి మిద్దె మీద ఒక గుడ్డ జెండా చాలు. కనుక మంటకు ఒక గంట, వాయువుకు వేరొక గంట ఉండాలి. రెండింటికీ విడివిడిగా ఏడాదికి రెండేసిసార్లు అభ్యాసం జరగాలి. తరగతి టీచరు హాజరు పట్టీ చేతపట్టుకుని వెళ్లి, చేరినచోట పేరు పేరునా పిలిచి చూసుకోవాలి.

వెంకటాపురం ప్రమాదంలో సైరన్ మోగనే లేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. కాబట్టి సైరన్ మీద మాత్రమే ఆధారపడలేము. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం, ప్రమాదం వస్తే అది ఎలాంటిదో, అప్పుడు ఏం చేయాలో, ఏం చేయకూడదో చుట్టుపక్కల వారికి ముందే తెలియజేయడం పరిశ్రమ బాధ్యత. కర్మాగారం గోడ అవతల అమలయ్యే అత్యవసర ప్రణాళిక జిల్లా యంత్రాంగానిది. బడి యాజమాన్యం ఒక ఉత్తరం రాసి ఈ వివరాలు కోరవచ్చు. అది హక్కు. ఉత్తరానికి అయ్యే ఖర్చు ఒక తపాలా బిళ్ళ.

గేటు లోపలి ప్రమాదం

పిల్లలకు ముప్పు బయటినుంచే వస్తుందనుకోవడం పొరపాటు. ఆటో, వ్యాను నడిపేవారు, ఆయాలు, తాత్కాలిక సిబ్బంది, ఉపాధ్యాయులు ఎవరైనా సరే, ఉద్యోగంలో చేర్చుకునే ముందు పోలీసు విచారణ జరగాలి. బిడ్డను ఎవరు తీసుకువెళ్లవచ్చో తల్లిదండ్రులు ముందే రాసి ఇవ్వాలి. ఆ జాబితాలో లేనివారికి, వారు ఎంత తెలిసినవారైనా, అప్పగించకూడదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ప్రతివారూ పోలీసులకు చెప్పి తీరాలి. తన కింద పనిచేసేవారి నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. సంస్థ పరువు పేరిట నోరు నొక్కడం క్షమాపణ అనిపించుకోదు. క్రైస్తవ సంస్థలు నడిపేవారు ఈ మాటను మరింత గట్టిగా గుర్తుంచుకోవాలి. పిల్లల సహాయవాణి 1098ను ప్రతి తరగతి గోడ మీదా పిల్లల కంటికి అందే ఎత్తులో రాయించాలి.

లేవలేనివారి సంగతి

ఆస్పత్రి మంటల్లో పొగే ఎక్కువమందిని చంపుతుంది. 2011 డిసెంబరులో కోల్‌కతా ఎ.ఎం.ఆర్.ఐ. ఆస్పత్రి నేలమాళిగలో లేచిన మంటల పొగ పై అంతస్తులకు పాకి సుమారు 90 మంది చనిపోయారు. 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ కేంద్రంగా మార్చిన హోటల్లో మంటలకు పది మంది బలయ్యారు. 2023 డిసెంబరులో మన జగదాంబ కూడలి దగ్గరి ఒక ఆస్పత్రిలో మంటలు లేచినప్పుడు రోగులను సకాలంలో బయటికి తెచ్చారు. ప్రాణనష్టం తప్పింది.

వెంటిలేటరు మీద ఉన్న రోగిని నాలుగు అంతస్తులు దించడం తేలిక కాదు. అందుకే మొదట అదే అంతస్తులో, పొగను ఆపే తలుపుల అవతలి భాగానికి మంచాన్ని తోసుకుపోవడం నేర్పాలి. ఆ తలుపులను ఇటుకరాయి పెట్టి తెరిచి ఉంచకూడదు. మెట్ల మీద విరిగిన మంచాలు, ఖాళీ సిలిండర్లు ఉండకూడదు. రాత్రి రెండు గంటలకు వార్డులో ఉండేది ఇద్దరు నర్సులైతే, ఏ రోగిని ఎవరు తీసుకువెళ్లాలో ఆ ఇద్దరికీ తెలిసి ఉండాలి. పగటి డ్రిల్ రాత్రికి పనికిరాదు. ఐసీయూలో ఆక్సిజన్ వల్ల మంట త్వరగా అంటుకుంటుంది. అక్కడి వైర్లు, ఏసీలు, ఎక్స్‌టెన్షన్ బోర్డులను క్రమం తప్పకుండా పరీక్షించాలి. హుద్‌హుద్ తరువాత రోజుల తరబడి కరెంటు లేని సంగతి మరచిపోలేదు కదా! జనరేటరు ఉండటం కాదు, ఎన్ని గంటలకు డీజిలు ఉందన్నది లెక్క.

సిబ్బంది భద్రత కూడా రోగి భద్రతే. 2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్.జి.కర్ ఆస్పత్రిలో రాత్రి విధుల్లో ఉన్న వైద్యురాలిని అత్యాచారం చేసి చంపారు. లోపలినుంచి గడియ పడే విశ్రాంతి గది, దారి పొడవునా వెలుగు, ఎవరు ఎక్కడికి రావచ్చో తెలిపే పాసు. ఇవి సౌకర్యాలు కావు, కనీస అవసరాలు. ఆస్పత్రులపై దాడులను శిక్షించే చట్టం మన రాష్ట్రంలో 2008 నుంచీ ఉంది. కానీ చాలా గొడవలు సమాచారం అందకపోవడంతోనే మొదలవుతాయి. రోగి పరిస్థితిని బంధువులకు వేళ ప్రకారం కూర్చోబెట్టి చెప్పే మనిషి ఒకరుంటే, నలుగురు కాపలావాళ్లు చేయలేని పని జరుగుతుంది.

ఈ నెలలో చేయదగినది

కొత్త ఇల్లు కట్టినవాడు మిద్దెకు పిట్టగోడ కట్టించాలని, ఎవరైనా పడితే ఆ దోషం ఇంటిమీదికి వస్తుందని ధర్మశాస్త్రం చెబుతుంది. పడ్డాక విచారించమనలేదు, పడకముందే గోడ కట్టమంది. బడులు, ఆస్పత్రులు నడిపే మన సంఘాలకు ఇంతకంటే స్పష్టమైన మాట అక్కరలేదు.

రాబోయే తల్లిదండ్రుల సమావేశంలోనో, ఆస్పత్రి కమిటీలోనో నాలుగు ప్రశ్నలు అడుగుదాం. చివరి డ్రిల్ ఏ తేదీన జరిగింది? ఈ ఏడాది తప్పిపోయిన ప్రమాదాలు రాసిన పుస్తకం ఏది? వెనుక తలుపు తాళంచెవి ఈ క్షణాన ఎవరి దగ్గర ఉంది? రాత్రి వేళ బాధ్యత ఎవరిది? జవాబులు వెంటనే వస్తే ధన్యవాదాలు చెప్పి వద్దాం. రాకపోతే కోపగించుకోవద్దు. మన ఊళ్లో ఈ పని ముప్పై ఏళ్లు చేసి పదవీ విరమణ చేసిన ఉక్కు ఉద్యోగులు ఎందరో ఉన్నారు. వారిలో ఒకరిని వెంటబెట్టుకుని మళ్లీ వెళదాం.