బొరియలోకి దూరే వేటగత్తె

పొలంగట్టులోకి పందికొక్కు దూరింది. దాన్ని బయటికి రప్పించడం ఎలా? కలుగులో బిందెలకొద్దీ నీళ్ళు పోసేవారున్నారు. గడ్డి కాల్చి పొగ ఊదేవారున్నారు. పలుగూ పారా పుచ్చుకుని గట్టంతా తవ్విపోసి, పందికొక్కు ఎప్పుడో వెనకదారిన జారుకుందని తెలిసి నుదురు కొట్టుకునేవారూ ఉన్నారు! చిక్కంతా ఒక్కటే. కలుగుకు దారులు చాలా ఉంటాయి, వాటిలో ఏ ఒక్కదానిలోనూ మనిషి పట్టడు.

మరి ఆ దారుల్లో పట్టే జంతువునే లోపలికి పంపితే?

బ్రిటన్ పల్లెల్లో కొన్ని వందల ఏళ్ళుగా చేస్తున్న పని అదే. అక్కడి రైతుకు పెద్ద బెడద కుందేలు. గోధుమ మొలక దగ్గరనుంచి చెట్టు బెరడు దాకా దేన్నీ వదలదు. దాన్ని బొరియలోనుంచి తరిమే జంతువు పేరు ఫెర్రెట్.

ఇక్కడ మీలో పల్లెటూరి పిల్లలకు ఒక అనుమానం రావాలి. కుందేలు బొరియ తవ్వుతుందా? మన మెట్టచేలల్లో, తుప్పల్లో కనిపించే అడవి కుందేలు తవ్వదు. పొదకింద గడ్డి అణిగేలా ముడుచుకుని పడుకుంటుంది. అలికిడైతే పరుగే దానికి రక్ష. దాని పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, తెరిచిన కళ్ళతో పుడతాయి. ఐరోపా కుందేలు వేరే జాతి. అది గుంపుగా నేలలో సొరంగాలు తవ్వుకుని కాపురముంటుంది. దాని పిల్లలు బొచ్చు లేకుండా, కళ్ళు మూసుకుని పుడతాయి. వాటిని దాచడానికి బొరియ కావాలి మరి! ఇంగ్లీషులో మొదటిదాన్ని హేర్ అనీ, రెండోదాన్ని ర్యాబిట్ అనీ అంటారు. తెలుగులో రెండింటికీ ఒకే పేరు కావడంవల్ల వచ్చిన తికమక ఇది. మన ఇళ్ళల్లో పెట్టెల్లో పెంచే తెల్ల కుందేళ్ళు రెండో జాతివే. వాటిని మట్టినేల మీద వదిలి చూడండి, ముందుకాళ్ళతో గీకడం మొదలుపెడతాయి.

ముంగిస కాదు

ఫెర్రెట్‌ను చూడగానే మనకు ముంగిస గుర్తుకొస్తుంది. పొడుగాటి ఒళ్ళు, పొట్టి కాళ్ళు, కోసుగా ఉండే మూతి. కాని చుట్టరికం చూస్తే ముంగిస పిల్లుల వైపుది. ఫెర్రెట్ నీటికుక్కల కుటుంబానికి చెందింది. ఐరోపా అడవుల్లో తిరిగే పోల్‌క్యాట్ అనే జంతువును సుమారు రెండువేల ఏళ్ళకు పూర్వమే మనిషి మచ్చిక చేయగా తయారైన పెంపుడు రకం ఇది. ముదురు గోధుమరంగువి, ఎర్రకళ్ళ తెల్లవి ఎక్కువగా కనిపిస్తాయి. ఆడది కిలోకు కాస్త అటూఇటూగా తూగితే, మగది దానికి రెట్టింపు దాకా ఉండొచ్చు. ఫెర్రెట్ అనే పేరు దొంగ అనే అర్థంగల లాటిన్ మాటనుంచి పుట్టిందట. పెంచినవాళ్ళు ఆ పేరు సరిపోయిందనే అంటారు. సాక్సు, తాళంచెవి, చెంచా, ఏది కనిపించినా లాక్కుపోయి మూలన దాస్తుంది!

ఈ ఒడ్డూపొడుగూ ఊరికే రాలేదు. వెన్నెముక ఎంత మెత్తగా వంగుతుందంటే, తన ఒళ్ళు పట్టేపాటి సొరంగంలోనే అది గిర్రున వెనక్కి తిరగగలదు. చూపు అంతంతమాత్రమే. చీకట్లో చూపుతో పనేముంది? ముక్కూ చెవులూ మీసాలూ దారి చూపుతాయి. అయితే ఈ ఆకారానికి అది చెల్లించే మూల్యం ఒకటుంది. ఒకే బరువుగల రెండు ముద్దల్లో ఒకదాన్ని ఉండగానూ, ఇంకోదాన్ని కడ్డీగానూ చేస్తే దేని ఉపరితలం ఎక్కువ? కడ్డీదే కదా! ఉపరితలం పెరిగితే ఒంటివేడి త్వరగా బయటికి పోతుంది. పోయిన వేడిని తిండితోనే పూడ్చుకోవాలి. అందుకే ఈ కుటుంబంలోని సన్నటి జంతువులు ఎప్పుడూ ఆకలిగానే ఉంటాయి.

నలభై షిల్లింగుల చట్టం

గ్రీకు భూగోళ శాస్త్రజ్ఞుడు స్ట్రాబో రెండువేల ఏళ్ళ క్రితం ఒక వింత సంగతి రాసిపెట్టాడు. స్పెయిన్ దగ్గరున్న బాలియారిక్ దీవులలో కుందేళ్ళు పెచ్చుపెరిగిపోగా, అక్కడి జనం మాకు వేరేచోట భూమి చూపించండని రోముకు రాయబారం పంపారట! మూతికి చిక్కం కట్టిన ఒక చిన్న జంతువును బొరియలోకి పంపి కుందేళ్ళను పట్టే పద్ధతినీ ఆయన వర్ణించాడు. అది ఫెర్రెట్టే అయి ఉండాలని చాలామంది భావిస్తారు.

బ్రిటన్‌కు కుందేళ్ళను పెద్దఎత్తున తెచ్చింది నార్మన్ ప్రభువులు, 12వ శతాబ్దంలో. మాంసానికీ, బొచ్చుతోలుకూ కంచెవేసి పెంచేవారు. కుందేటిమాంసం అప్పట్లో దొరలకే చెల్లిన భోజనం. పేదవాడు ఫెర్రెట్ పెంచితే దొరగారి కుందేలు ఎక్కడికి చేరుతుందో ఊహించుకోండి. అందుకే 1390లో రెండవ రిచర్డ్ రాజు కాలంలో ఒక చట్టం వచ్చింది. ఏడాదికి నలభై షిల్లింగుల రాబడి వచ్చే భూమి లేనివాడు వేటకుక్కను గాని, ఫెర్రెట్‌ను గాని, వలను గాని వాడరాదు! కంచెలు దాటి తప్పించుకున్న కుందేళ్ళు దేశమంతా పాకి పంటలు మేస్తూంటే, పొలంలోని కుందేలును పట్టుకునే హక్కు సాగుచేసే రైతుకు గట్టిగా దక్కింది 1880లో. దొరల వినోదానికి తెచ్చిన జంతువు బరువును అయిదువందల ఏళ్ళు మోసింది రైతే అన్నమాట.

చేతికి అలవాటు చేయడం

ఫెర్రెట్లతో కొత్తగా పని మొదలుపెట్టే బ్రిటన్ కుర్రవాడు ఏం చేస్తాడో చూద్దాం. మొదట పొలం యజమాని అనుమతి సంపాదిస్తాడు. అది లేకపోతే ఇప్పటికీ దొంగవేట కిందే లెక్క. తర్వాత రెండు ఆడ ఫెర్రెట్లను తెచ్చుకుంటాడు. ఆడవే ఎందుకు? ఒళ్ళు చిన్నది కాబట్టి బొరియమీద పరచిన వల కన్నుల్లోనుంచి, వల కదలకుండా జారిపోగలవు. రెండెందుకు? ఒంటరిగా ఉంటే దిగులుపడతాయి.

వేసవి మొదట్లో పుట్టిన పిల్లలు అయిదు వారాలకు గాని కళ్ళు తెరవవు. ఎనిమిది వారాలకు తల్లిని విడుస్తాయి. ఆనాటినుంచి రోజూ చేతుల్లోకి తీసుకోవాలి. భుజాలకింద చుట్టూ పట్టి, రెండోచేతితో వెనకకాళ్ళకు ఆసరా ఇవ్వాలి. పిల్ల ఫెర్రెట్ ఆటగా కొరుకుతుంది. కొరకగానే చెయ్యి విసురుగా వెనక్కి లాక్కునేవాడికి ఇంకాస్త గట్టి కాటు తప్పదు. పారిపోయేదాన్ని పట్టడమే దాని స్వభావం కదా! చెయ్యి నిదానంగా ముందుకు చాపి, వాసన చూడనిస్తే కొన్నాళ్ళకు అదే మానుకుంటుంది. ఈ అలవాటు ముద్దుకోసం కాదు. రేపు బొరియలోనుంచి తల బయటపెట్టిన ఫెర్రెట్ మనిషి చెయ్యి చూసి మళ్ళీ లోపలికి దూరిందంటే, ఆ రోజంతా చలిలో పడిగాపులే.

తిండి విషయంలో పాతకాలపువాళ్ళు పెద్ద పొరపాటు చేసేవారు. మాంసం తింటే క్రూరమవుతుందని రొట్టె, పాలు పెట్టేవారు. ఫెర్రెట్ పూర్తి మాంసాహారి. పేగు పొట్టిది. తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి పోతుంది. గింజలనూ పీచునూ అరిగించుకునే వసతి ఆ పొట్టలో లేదు. రొట్టె తిన్న ఫెర్రెట్ చిక్కి, విరేచనాలతో బాధపడేది. సాధువైందని యజమాని మురిసిపోయేవాడు. అది సాధుత్వమా, నీరసమా?

ఇంకొక జాగ్రత్త. మనిషికి ఫ్లూ వస్తే ఫెర్రెట్‌కు అంటుకుంటుంది. 1933లో లండన్‌లో విల్సన్ స్మిత్, ఆండ్రూస్, లైడ్‌లా అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు, రోగుల గొంతు పుక్కిలించిన నీటిని ఫెర్రెట్ల ముక్కుల్లో వేసి, మనుషుల ఫ్లూకు కారణం వైరస్ అని నిరూపించింది ఈ గుణం వల్లనే. కాబట్టి జలుబు చేసిన యజమాని ఫెర్రెట్ పెట్టె దగ్గరకు పోకూడదు.

వేటరోజు

కాలం అక్టోబరునుంచి మార్చి వరకు. అప్పటికి తుప్పలు ఎండి బొరియల నోళ్ళు కనిపిస్తాయి. లోపల కుందేటి పిల్లలూ తక్కువ. మేలో పుట్టిన ఫెర్రెట్ సరిగ్గా అప్పటికే పనికి ఈడేరుతుంది.

ముందు బొరియను చదవాలి. నోటికి సాలెగూడు అల్లుకుని ఉంటే అందులో ఎవరూ లేరు. మట్టి తాజాగా, అంచులు నున్నగా, దగ్గర్లో పెంటికలు కొత్తగా ఉంటే కాపురమున్నట్టే. గాలికి ఎదురుగా, అడుగు బరువుగా వేయకుండా వెళ్ళాలి. కుందేలు ప్రమాదం పసిగట్టగానే వెనకకాలితో నేలను దబ్బున తన్నుతుంది. ఆ అదురు మట్టిలోనుంచి బొరియంతా పాకుతుంది. మనిషి నడక అదురు కూడా అలాగే పాకుతుందని వేరే చెప్పాలా? అందుకే వేటగాళ్ళు సైగలతోనే మాట్లాడుకుంటారు.

ప్రతి నోటిమీదా ఒక వల పరుస్తారు. రెండు చివర్ల రెండు ఉంగరాలు, చుట్టూ వాటిగుండా పోయే తాడు, తాడు కొసన ఒక మేకు. మన నాయనమ్మల వక్కాకు తిత్తి గుర్తుందా? తాడు లాగితే మూతి ముడుచుకుంటుంది. ఈ వలా అంతే. కుందేలు దూసుకొచ్చి వలను గుద్దుతుంది. మేకు తాడును పట్టి ఆపుతుంది. కుందేలు వేగమే మూతిని బిగిస్తుంది. ఎంత జోరుగా వస్తే అంత గట్టి ముడి! గడ్డిలో దాగిన ఒక్క నోటిని మరిచిపోతే మాత్రం కుందేళ్ళన్నీ అటే పోతాయి.

వలలన్నీ పరిచాక ఫెర్రెట్‌ను వదులుతారు. అది తొందరపడదు. నోటి దగ్గర వాసన చూసి, తోక బొచ్చు నిక్కబొడుచుకుంటే లోపల కుందేలు ఉన్నట్టు. మెల్లగా చీకట్లోకి జారుకుంటుంది. పైన నిశ్శబ్దం. తర్వాత కాళ్ళకింద దడదడ. ఉన్నట్టుండి ఒక వల ఎగిరిపడుతుంది. చిక్కిన కుందేలును అక్కడికక్కడే మెడ విరిచి చంపుతారు. చదవడానికి కటువుగానే ఉంటుంది. కాని విషవాయువుతో బొరియ నింపితే అందులో ఏయే జీవాలు పోతాయో ఎవరూ లెక్కపెట్టరు. వలలో పడ్డది కుందేలేనా కాదా అన్నది చేత్తో పట్టి చూసినవాడికి తెలుస్తుంది. నా మటుకు నాకు ఈ పద్ధతే నయమనిపిస్తుంది.

లోపలే ఉండిపోతే?

వేటగాడు భయపడేది దీనికే. కుందేలు ఒక్కోసారి బయటికి రాదు. దారి మూసుకుపోయిన మూలకు చేరి, వీపు ఇటు తిప్పి కూర్చుంటుంది. ఫెర్రెట్ గీకీ గీకీ, గోళ్ళనిండా కుందేటి బొచ్చుతో బయటికొస్తుంది. లేదా లోపలే దాన్ని చంపి, కడుపునిండా తిని, పక్కనే నిద్రపోతుంది. రోజుకు పద్నాలుగు గంటలకు పైగా నిద్రపోయే జంతువు అది! చీకటిపడేవేళకు రాకపోతే ఏం చేయాలి?

పూర్వం ఒక పెద్ద మగ ఫెర్రెట్ మెడకు పొడవాటి తాడు కట్టి పంపేవారు. తాడుకు గజానికొక గుర్తు. అది పోయి ఆడదాన్ని తరిమేసి మాంసం దగ్గర తిష్ఠ వేసేది. ఎన్ని గజాలు లోపలికి పోయిందో చూసి, తాడు వెంబడే తవ్వేవారు. మూతికి చిక్కం కట్టి పంపితే చంపకుండా ఉంటుంది కదా అని మీరడగవచ్చు. చిక్కంతో తప్పిపోయిన ఫెర్రెట్ ఎలుకనైనా పట్టుకోలేక ఆకలితో చస్తుంది. అందుకే ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు మెడపట్టీలో చిన్న ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. పైన మనిషి చేతిలోని పెట్టె ఫెర్రెట్ ఎక్కడుందో, ఎంత లోతునుందో చెబుతుంది. సరిగ్గా నెత్తిన కాకుండా కాస్త పక్కగా తవ్వి, చివరి జానెడు మట్టిని చేతులతో తీస్తారు. తర్వాత గుంట పూడ్చి, ఫెర్రెట్లను లెక్కపెట్టుకుని గాని ఇంటిదారి పట్టరు.

అలా లెక్కపెట్టుకోవడం ఎందుకు ముఖ్యమో న్యూజిలాండ్‌ను అడగాలి. అక్కడా కుందేళ్ళు ప్రబలిపోగా, 1880 దశాబ్దంలో ఫెర్రెట్లను తెచ్చి వలా లేదు, తాడూ లేదు, ఊరికే అడవిలోకి వదిలేశారు. కుందేళ్ళు తగ్గలేదు. నేలమీద గూడు కట్టే పక్షులకు, ఎగరలేని కివీలాంటి వాటికి ఫెర్రెట్లు యమదూతలయ్యాయి. అటువంటి శత్రువును ఆ పక్షులు లక్షల ఏళ్ళుగా ఎరగవు. చివరకు 2002లో ఆ దేశం ఫెర్రెట్ల అమ్మకాన్నీ, పెంపకాన్నీ నిషేధించింది. బ్రిటన్‌లో కుందేళ్ళను అన్నిటికంటే దెబ్బతీసింది కూడా ఫెర్రెట్ కాదు, 1953లో వచ్చిపడ్డ మిక్సొమాటోసిస్ అనే వైరస్ రోగం. నూటికి తొంభైతొమ్మిది చచ్చాయని అంచనా. మిగిలినవాటి సంతతి రోగానికి కొంత తట్టుకుని మళ్ళీ పెరిగింది. విచిత్రమేమంటే, కుందేలు సొంత గడ్డ అయిన స్పెయిన్, పోర్చుగల్‌లలో అది తగ్గిపోయి, 2019నాటికి అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాకెక్కింది.

ఇంత చదివాక, మన ఊళ్ళో పందికొక్కులకు ఒక ఫెర్రెట్‌ను తెప్పించుకుందామా అని ఎవరికైనా తోచవచ్చు. ఫెర్రెట్‌కు చెమటపట్టి చల్లబడే ఏర్పాటు దాదాపు లేదు. ముప్పై డిగ్రీలు దాటితేనే వడదెబ్బ తగిలే జంతువు మన రోహిణి కార్తెలో ఒక్క మధ్యాహ్నం బతకదు. ఇక కుందేళ్ళ మాటంటారా, మన అడవి కుందేలుకు బొరియే లేదు, పైగా 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని వేటాడటం నేరం.